దసరా బొట్టు కింద దొరికిన నంబరు

మా అత్తగారింట్లో హాల్లో, దేవుడి గూటికి ఎదురుగోడ మీద, ఒక విమానం రెక్క వేలాడుతూ ఉండేది. కొత్త కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నాకు మొదట కనిపించిన వింత అదే. ఆరడుగుల పైన పొడవు, ముదురు ఎరుపు కొయ్య, ఒక కొసకి ఇత్తడి తొడుగు. రెండో కొస జానెడు మేర విరిగిపోతే రంపంతో నున్నగా కోసేసినట్టుంది. అందరం దాన్ని రెక్క అనే అనేవాళ్ళం కానీ అది రెక్క కాదు. విమానం ముక్కు దగ్గర గిర్రున తిరిగే ప్రొపెల్లర్.

ఏటా దసరాకి ఆయుధపూజ రోజు మా అత్తమ్మ దానికి నడిమి బొడ్డు మీద పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, బంతిపూల దండ వేసేది. సికింద్రాబాద్‌లో ఆ వీధి పిల్లలందరికీ ఆ కథ నోటికొచ్చు. మా ఆయన తాత వడ్రంగి. బేగంపేట విమానాల షెడ్డులో కొయ్యపని చేసేవాడు. "ఇది నిజాం సర్కారు యుద్ధ విమానంది బిడ్డా. జర్మనీ వాళ్ళ మీద కొట్లాడిన విమానం" అని అత్తమ్మ నాకు పెళ్ళైన వారంలోనే చెప్పింది. తర్వాత ఇరవై మూడేళ్ళూ ఇంటికి ఎవరొచ్చినా ఆ మాటే చెప్పింది.

పోయినేడు ఆ పాత ఇల్లు అపార్ట్‌మెంటు కోసం బిల్డర్‌కి ఇచ్చాం. సామానంతా సర్దాలి. మా మరిది పాత సామాన్లు కొనే ఒకాయన్ని పిలుచుకొచ్చాడు. ఆయన ప్రొపెల్లర్ని అటూ ఇటూ తట్టి చూసి, "ఐదు వేలిస్తాను. ఇట్లా నల్లగా ఉంటే ఎవరూ కొనరు. గీకి, పాలిష్ పెట్టిస్తే ఇంకో రెండు వేలు ఎక్కువ వస్తుంది. సోమవారం మనిషిని పంపుతా" అన్నాడు. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు ఫోన్లో, "అమ్మొద్దు, నాకు పంపండి, మా హాల్లో పెట్టుకుంటా" అంది. అత్తమ్మ ఏమీ అనలేదు. గోడ వైపు చూస్తూ కూర్చుంది. నాకు అదే గుచ్చుకుంది.

నేను చదివింది బి.ఏ. తెలుగు. ఇంజిన్ల సంగతి నాకేం తెలుసు? కానీ కాలేజీలో శాసనాల పాఠం ఉండేది. అద్దంకి శాసనం చెప్పిన మా లెక్చరర్ గారు ఒక మాట అనేవారు: రాయి మీద అక్షరం చదవకముందే రాయిని కడిగి నున్న చేసినవాడు చరిత్రని కడిగేసినట్టే అని. ఆ మాట గుర్తొచ్చి, "సోమవారం వద్దు, నాకు రెండు వారాలు టైమివ్వండి" అన్నాను. మరిది నవ్వాడు, "వదినా, ఇది కూడా శాసనమేనా" అని. అవునో కాదో అప్పటికి నాకూ తెలియదు.

ముందుగా అసలు ఇలాంటి వస్తువు ఎలా తయారవుతుందో చదువుకున్నాను. విమానాన్ని మొదట ఎగరేసిన రైట్ సోదరులకి 1903లో పెద్ద చిక్కు వచ్చింది ఇక్కడే. ఓడల ప్రొపెల్లర్ లెక్కలు చూసి చేసేద్దామనుకున్నారు. తీరా చూస్తే తమకు పనికొచ్చే లెక్కలు దొరకలేదు. చివరికి వాళ్ళకి తట్టింది ఏమిటంటే, ప్రొపెల్లర్ అంటే గుండ్రంగా తిరిగే రెక్కే అని. అంటే మేము ఇంట్లో రెక్క అనుకోవడం మరీ అంత తప్పేం కాదన్నమాట! స్ప్రూస్ చెక్క పొరల్ని అతికించి, ఎనిమిదిన్నర అడుగుల ప్రొపెల్లర్లు రెండు చేత్తో చెక్కుకున్నారు. 1909లో బ్లేరియో అనే ఫ్రెంచి ఆయన ఇంగ్లీషు ఛానెల్ దాటినప్పుడు ఆ విమానానికి ఉన్నది షోవియెర్ అనే ఇంజనీరు చేసిన కొయ్య ప్రొపెల్లరే.

ఒకే దుంగని చెక్కితే ఎండకీ వానకీ వంకర పోతుంది, పగులుతుంది. అందుకని వాల్‌నట్, మహాగని లాంటి గట్టి చెక్కని అంగుళం లోపు మందం పలకలుగా కోసి, సరేసుతో అతికిస్తారు. పేకముక్కల్ని చేతిలో విప్పి పట్టుకుంటామే, అలా ఒక్కో పలకని కాస్త కాస్త జరిపి పేరుస్తారు. ఆరాక బాడిసెతో, చిత్రికతో మెలిక తీస్తారు. మెలిక ఎందుకంటే, బొడ్డు దగ్గర చెక్క మెల్లగా తిరుగుతుంది, కొస మాత్రం అంతే సమయంలో ఎంతో పెద్ద చుట్టు తిరగాలి. రెండు చోట్లా గాలిని సరిగ్గా పట్టాలంటే వాలు మారుతూ రావాలి. చివరికి ఇరుసు మీద ఆడించి చూసి, ఏ పక్క తేలికైతే ఆ పక్క వార్నిష్ ఇంకో పూత వేసి సమం చేస్తారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండులో కుర్చీలూ బీరువాలూ చేసే కంపెనీలు కూడా ఈ పనిలోకి దిగాయి. మన వడ్రంగి తాతకి విమానాల షెడ్డులో పనేమిటా అని నాకు పెళ్ళైనప్పటి నుంచీ ఉన్న అనుమానం అక్కడ తీరింది.

ఇక మన ఇంట్లోది అసలైనదేనా అన్నది మొదటి ప్రశ్న. పాత కొయ్య ప్రొపెల్లర్ అని అమ్మేవాటిలో మూడు రకాల బురిడీలు ఉంటాయి. ఒకటి, గోడకి అలంకారంగా ఈ మధ్య చేసినవి. వీటికి బొడ్డులో ఇరుసు కోసం పెద్ద రంధ్రం, దాని చుట్టూ బోల్టుల రంధ్రాలు సరిగ్గా ఉండవు. చాలావాటికి చెక్క పొరలూ కనిపించవు. ఇత్తడి తొడుగుకి నక్షత్రం తలల స్క్రూలు ఉంటాయి. అలాంటి స్క్రూలు వాడుకలోకి వచ్చింది 1930ల తర్వాతే కాబట్టి, మొదటి యుద్ధం నాటి ప్రొపెల్లర్ అని చెప్పి వాటిని చూపిస్తే నమ్మక్కర్లేదు. రెండోది, గాలిమర రెక్క. ఒకప్పుడు పొలాల్లో బ్యాటరీలు ఛార్జి చేయడానికి అమెరికాలో ఇవి తెగ వాడారు. ప్రొపెల్లర్ గాలిని నెడుతుంది, గాలిమరని గాలి నెడుతుంది. అందుకని ప్రొపెల్లర్‌కి ఉబ్బుగా ఉన్న వైపు ముందుకీ, బల్లపరుపు వైపు వెనక్కీ ఉంటుంది. గాలిమరకి గాలి తగిలేదే బల్లపరుపు వైపు. మూడోది, ఫ్యాక్టరీల్లో పెద్ద పంకాల రెక్క.

మాదానికి బొడ్డు మధ్యలో పెద్ద రంధ్రం, చుట్టూ బోల్టుల రంధ్రాలు, వాటి అంచున ఇనుప బిళ్ళ ఒరిసిన గుండ్రటి మచ్చ ఉన్నాయి. అంటే ఇది ఎక్కడో ఇంజినుకి బిగించి తిరిగిందే. ఇత్తడి తొడుగు కొసన సూది మోపినంత రంధ్రాలు కనిపించాయి. చెక్కలో చేరిన చెమ్మ, తిరిగే వేగానికి కొసకి వచ్చి అక్కడి నుంచి బయటికి పోవాలని అవి పెడతారట. బొమ్మ ప్రొపెల్లర్ చేసేవాడికి చెమ్మతో పనేముంది!

ఇక పేరూ ఊరూ తెలియాలి. పాత ప్రొపెల్లర్ల జాతకం అంతా నడిమి బొడ్డు మీదే ఉంటుంది. అచ్చులతో కొట్టిన అక్షరాలూ అంకెలూ: ఏ డ్రాయింగు నంబరు, ఏ ఇంజినుకి, ఎంత వ్యాసం, ఎంత పిచ్, తనిఖీ చేసినవారి ముద్ర. పిచ్ అంటే, మరమేకుని చెక్కలో ఒక్క చుట్టు తిప్పితే ఎంత లోపలికి దిగుతుందో అలాంటి లెక్క. బ్రిటిషు వాటి మీద వ్యాసానికి డి, పిచ్‌కి పి అని ఉంటాయి. జర్మనీ వాటి మీద వాళ్ళ భాష పొడి అక్షరాలు, మిల్లీమీటర్ల కొలతలు. మొదటి యుద్ధం నాటి జర్మను ప్రొపెల్లర్ల కంపెనీల్లో ఒకదాని పేరు ఏమిటో తెలుసా? గరుడ! బెర్లిన్‌లో ఉండేది. విష్ణుమూర్తి వాహనం పేరు పెట్టుకుని జర్మను విమానాలు ఎగిరాయని చెబితే మా అత్తమ్మ రెండు చేతులూ చెంపలకి ఆనించుకుంది.

మాదాని బొడ్డు మీద మాత్రం ఒక్క అక్షరం కూడా కనపడదు. యాభై ఏళ్ళ దసరా పసుపు, కుంకుమ, నూనె చేతులు కలిసి పెచ్చు కట్టిపోయాయి. తడిగుడ్డ, సబ్బు ఏవీ వాడలేదు. పొడి మెత్తటి పంచె ముక్కతో, పిల్లల పళ్ళు తోమే మెత్తటి బ్రష్షుతో రోజుకి కాసేపు మెల్లగా దులిపాను. నాలుగో రోజు రాత్రి లైట్లన్నీ ఆర్పేసి, మా అమ్మాయి చేత టార్చి పక్కనుంచి, చెక్కకి ఆనించినట్టు పట్టించాను. నేరుగా వేస్తే ఏమీ కనపడదు. పక్కనుంచి వేస్తే గుంటల్లో నీడ పడుతుంది. అప్పుడు పలచటి బటర్ పేపర్ పరిచి, చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద చేసినట్టు, పెన్సిలు అడ్డంగా రుద్దాను. శాసనాలకి అచ్చు తీసే పద్ధతీ దాదాపు ఇదే.

కాగితం మీద ముందు డీ, హెచ్ అనే రెండు అక్షరాలు, ఒక నంబరు వచ్చాయి. కింద వరసలో జిప్సీ మేజర్ అని వచ్చింది. మా అమ్మాయి ఫోన్లో వెతికి పైకి చదివింది. డీహెచ్ అంటే డి హావిలాండ్, ఇంగ్లండు విమానాల కంపెనీ. జిప్సీ మేజర్ వాళ్ళు చేసిన నాలుగు సిలిండర్ల, 130 గుర్రాల శక్తి ఇంజిను. అది 1930ల నాటిది. నా గుండె కొంచెం జారింది. ఎందుకంటే అత్తమ్మ చెప్పే యుద్ధం 1914లో మొదలై 1918లో ముగిసింది.

అత్తమ్మ కథ ఊరికే పుట్టింది కాదు. అది కూడా చదివాను. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు వాళ్ళకి ఒక దళానికి సరిపడా విమానాలు ఇచ్చిన మాట నిజం. రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో 110వ స్క్వాడ్రన్, అందుకే దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. డీహెచ్9ఏ రకం విమానాలు. ప్రతిదాని మీదా ఇది నిజాం ప్రభువు ఇచ్చిన కానుక అని రాసి ఉండేది. 1918 సెప్టెంబరులో ఫ్రాన్సు చేరి, అక్కడినుంచి జర్మనీ ఊళ్ళ మీద పగటిపూట బాంబులు వేసి వచ్చేవి. చాలా విమానాలు తిరిగి రాలేదు.

వాటిలో ఒకటి, ఎఫ్1010 నంబరుది, 1918 అక్టోబరు 5న జర్మనీ వాళ్ళకి చిక్కింది. వాళ్ళు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో అది పోలండు చేరి, క్రాకోవ్ మ్యూజియంలో ఉండిపోయింది. 1977లో లండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం వాళ్ళు ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని పోలండుకి ఇచ్చి, బదులుగా దీన్ని తెచ్చుకున్నారు. ఎవరికీ అక్కర్లేని పాత కొయ్యా గుడ్డా అనుకుంటే స్పిట్‌ఫైర్ లాంటిదాన్ని ఇచ్చి తెచ్చుకుంటారా? అది ఏ విమానమో, ఎవరు ఇచ్చారో, ఎక్కడ పడిందో తెలుసు కాబట్టి ఆ విలువ.

కానీ మా గోడ మీదిది ఆ విమానాలది కాదు. డీహెచ్9ఏకి ఉన్నది 12 సిలిండర్ల, 400 గుర్రాల శక్తి లిబర్టీ ఇంజిను. దాని ప్రొపెల్లర్ దాదాపు పదడుగులు. మాది విరిగిన కొసని కలుపుకున్నా అంత ఉండదు. పైగా ఆ విమానాలు ఎగిరింది ఫ్రాన్సులో, బేగంపేటలో కాదు. అన్నిటికన్నా తేలిక లెక్క ఇంకొకటి ఉంది. మా తాత పుట్టింది 1912లో. 1918 నాటికి ఆరేళ్ళ పిల్లాడు!

జిప్సీ మేజర్ ఇంజిను, ఆరడుగుల పైచిలుకు కొయ్య ప్రొపెల్లర్, బేగంపేట. ఈ మూడూ కలిపితే వచ్చే పేరు టైగర్ మాత్. 1931లో మొదట ఎగిరిన రెండు సీట్ల బుల్లి విమానం. ఒకదాని మీద ఒకటి రెండు వరసల రెక్కలు, వాటికి గుడ్డ తొడుగు. ప్రపంచమంతటా కుర్రాళ్ళు విమానం నడపడం నేర్చుకున్నది దీని మీదే. ఎనిమిది వేలకి పైగా తయారయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బేగంపేటలో వైమానిక దళానికి మొదటి పాఠాలు చెప్పే బడి నడిచింది. అక్కడా ఇవే. యుద్ధం తర్వాత మన దేశంలో ఫ్లయింగ్ క్లబ్బుల్లోనూ చాలా ఏళ్ళు ఇవే.

ఆ విమానానికి తాళంచెవి తిప్పితే స్టార్టయ్యే సదుపాయం లేదు. కింద ఒక మనిషి నిలబడి ప్రొపెల్లర్ని చేత్తో తిప్పాలి. పైలట్ "కాంటాక్ట్" అని కేకేసి స్విచ్చి వేస్తాడు. కింది మనిషి ఒక్క ఊపు ఊపి, వెంటనే వెనక్కి తప్పుకోవాలి. తప్పుకోకపోతే చెయ్యి పోతుంది, ఒక్కోసారి మనిషే పోతాడు. ఇది చదువుతుంటే మా ఆయన, "తాత మమ్మల్ని ఆడిస్తూ కాంటాక్ట్ కాంటాక్ట్ అని అరిచేవాడు, అదేదో ఉర్దూ మాట అనుకున్నా" అన్నారు. నలభై ఏళ్ళుగా తలలో ఉన్న మాటకి ఆ రాత్రి అర్థం దొరికింది.

తర్వాత ఇనప్పెట్టె అడుగున ఒక ఫోటో దొరికింది. తాత నిక్కరు వేసుకుని, ఒక చెయ్యి ప్రొపెల్లర్ మీద వేసి నిలబడ్డాడు. వెనక విమానం మీద వీ, టీ అనే అక్షరాలు కొంచెం కనిపిస్తున్నాయి. మన దేశంలో పౌర విమానాలకి ఉండే గుర్తు అది. ఫోటో వెనక ఉర్దూలో రెండు మాటలు. పక్కింటి పెద్దాయన చదివి పెట్టారు: "పిల్లవాడు క్షేమం. పంకా పోయింది." విద్యార్థి ఎవరో దిగేటప్పుడు విమానం ముక్కు నేలకి తగిలి, ప్రొపెల్లర్ విరిగిందన్నమాట. పనికిరాదని పక్కన పెట్టినదాన్ని తాత ఇంటికి తెచ్చుకుని, విరిగిన కొస పిల్లలకి గుచ్చుకోకుండా కోసి నున్న చేశాడు.

ఇక ధర సంగతి. ఇలాంటివాటికి మార్కెట్లో కట్టిన రేటంటూ ఉండదు. కొనేవాళ్ళు చూసేవి కొన్ని. మొదటి యుద్ధం నాటి పేరున్న యుద్ధ విమానానిదైతే బాగా ఎక్కువ. టైగర్ మాత్ లాంటి శిక్షణ విమానానిదైతే చాలా మిగిలాయి కాబట్టి తక్కువ. రెండు కొసలూ ఉన్నాయా, బొడ్డు మీద ముద్రలు చదవగలిగేట్టు ఉన్నాయా, పాత వార్నిష్ పాతగానే ఉందా చూస్తారు. విరిగిన కొస మాకు నష్టం. కానీ ఫోటో, దాని వెనక రాత, తాత ఉద్యోగం కాగితాలు ఉండటం లాభం. అడిగే ధరలు చూసి మురిసిపోకూడదు. వేలంలో నిజంగా అమ్ముడుపోయిన ధరలే లెక్క. అందులోంచి వేలం వాళ్ళ కమిషనూ, ఆరడుగుల పెట్టె కట్టి పంపే ఖర్చూ తీసేయాలి.

ఇన్నిటిలో ధరని ఒక్క పూటలో సగానికి దించేయగల పని ఏదైనా ఉందంటే, అది సోమవారం రాబోయిన పాలిష్ మనిషిది. ఉప్పుకాగితం పెట్టి గీకితే ముందు పోయేది బొడ్డు మీది అక్షరాలే. తర్వాత అది ఏ విమానానిదో చెప్పేవాళ్ళు ఉండరు. మెరిసే కొయ్యముక్క మిగులుతుంది.

ఆడపడుచు కోరిక విషయం కూడా తేలింది. మన దేశంలో 1972 నాటి చట్టం ఒకటుంది. చారిత్రక ప్రాముఖ్యం ఉన్న వస్తువు నూరేళ్ళు దాటితే దాన్ని మామూలు మనుషులు దేశం దాటించడానికి వీల్లేదు. అత్తమ్మ కథే నిజమైతే, 1918 నాటిదైతే, అది ఆ లెక్కలోకి వచ్చేది. మాదానికి ఇంకా నూరేళ్ళు నిండలేదు. వయసు తెలుసుకోవడం ముచ్చట కోసమే అనుకున్నాను గానీ, తెలియకుండా పంపి ఉంటే చిక్కుల్లో పడేవాళ్ళమేమో అనిపించింది.

అన్నిటికన్నా కష్టమైన పని అత్తమ్మకి చెప్పడం. ఇరవై మూడేళ్ళు నాతో చెప్పిన కథ. నాకు ముందు ఎందరితో చెప్పిందో. మా ఆయన, "ఎందుకే, అమ్మని అట్లనే అనుకోనీ" అన్నారు. నాకు మనసొప్పలేదు. ఒక మధ్యాహ్నం చిక్కుళ్ళు ఒలుస్తూ మొత్తం చెప్పాను. పెన్సిలు అచ్చు చూపించాను. ఫోటో వెనక మాటలు చదివి వినిపించాను.

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా మామ నిజాం సర్కారు విమానం అనే అన్నడు బిడ్డా. యుద్ధం అని ఆయన అనలేదు. అది నేనే కలిపిన కావొచ్చు" అంది. హైదరాబాద్ సంస్థానం ఉన్న రోజుల్లో బేగంపేట మైదానం నిజాం సర్కారుదే మరి. తాత అబద్ధం చెప్పలేదు. అత్తమ్మా కావాలని చెప్పలేదు. ఎక్కడో ఎవరో చెప్పిన హైదరాబాద్ స్క్వాడ్రన్ మాట వచ్చి, ఇంట్లో ఉన్న కొయ్యకి అతుక్కుంది. పలక మీద పలక అతికినట్టే.

కాసేపటికి ఆమే మళ్ళీ అడిగింది. "ఆ పోరడు క్షేమమే కదా? అట్ల రాసిండు కదా?" అవునన్నాను. "అయితే మంచిదే. మనుషుల్ని చంపింది కాదు" అంది. ఆ కోణం నాకు తట్టనే లేదు.

మేము దాన్ని అమ్మలేదు. కొత్త ఫ్లాటులో వంటగది వేడీ, కిటికీ ఎండా తగలని గోడ చూసి, బరువంతా బొడ్డు కింద పడేలా రెండు కొయ్య గూటాల మీద ఆనించి పెట్టాం. పక్కనే ఫోటో, పెన్సిలు అచ్చు ఫ్రేము కట్టించాం. ఆడపడుచుకి ఆ అచ్చు ఇంకోటి తీసి పంపాను. మీ ఇంట్లో అటక మీదో, ఆఫీసు స్టోరులోనో ఇలాంటిది ఉంటే ముందు కొలవండి, ఫోటోలు తీయండి, టార్చి పక్కనుంచి వేసి చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాసుకోండి. గీకడం, రుద్దడం మాత్రం వద్దు.

ఈ దసరాకి అత్తమ్మ పసుపు కుంకుమలతో వచ్చి బొడ్డు దగ్గర ఆగింది. అక్షరాల వైపు చూసి, ఒక తమలపాకు తెమ్మంది. ఆకుకి బొట్టు పెట్టి, దాన్ని ప్రొపెల్లర్ కింద గూటం మీద ఉంచింది.